కంప్యూటర్ కబుర్లు: కిటికీ అడుగున ఉన్న పట్టీ



పోయిన వారం మన ఓటీ లెక్క ప్రోగ్రాంలో సేవ్ బటన్ దాకా వచ్చాం. ఫారం మీద తేదీ పెట్టాం, డ్యూటీ గంటలకు ఒక డబ్బా, ఓటీ గంటలకు ఒక డబ్బా పెట్టాం, కింద గ్రిడ్ పెట్టాం. సేవ్ నొక్కితే ఫైలులోకి ఒక లైను వెళ్లేలా రాశాం. చేసి చూసినవాళ్లలో ఎక్కువమంది అడుగుతున్నది ఒక్కటే. "బటన్ నొక్కితే ఏమీ కనబడటం లేదు. సేవ్ అయినట్టా, కానట్టా?"

కొందరు నమ్మకం కుదరక మూడుసార్లు నొక్కారట. ఫైలు తెరిచి చూస్తే అదే తేదీ మూడుసార్లు ఉంది. రెండు గంటల ఓటీ ఆరు గంటలైంది. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ ఫోర్‌మన్ ఒప్పుకోడు గదా!

నొక్కినవాళ్ల తప్పేం లేదు. పని చేసి నోరు మెదపకుండా కూర్చున్న ప్రోగ్రాంను ఎవరు నమ్ముతారు? ఈ వారం దానికి మాట నేర్పుదాం. ఆ మాట కనబడే చోటు పేరు స్టేటస్ బార్.

ఇది మీకు కొత్తదేం కాదు. ఎక్సెల్ తెరిచి అడుగున చూడండి. సన్నటి పట్టీ ఒకటి ఉంటుంది. ఎడమ చివర 'రెడీ' అని ఉంటుంది. ఏదైనా గడిలో టైపు చేయడం మొదలుపెడితే అది 'ఎంటర్' అవుతుంది. ఎఫ్2 నొక్కితే 'ఎడిట్' అవుతుంది. మనం ఎక్కడున్నామో, ఏం చేస్తున్నామో అది మనల్ని ఆపకుండా చెబుతోంది. కుడివైపు ఇంకా పనికొచ్చేది ఉంది. కొన్ని అంకెల గడులను మౌస్‌తో పట్టుకుంటే వాటి సగటు, లెక్క, మొత్తం అక్కడే కనబడతాయి. ఫార్ములా రాయక్కర్లేదు.

ఇక్కడ ఒక చిట్కా. టైమ్‌షీట్‌లో నెల గంటలన్నీ పట్టుకుంటే 'సమ్' రాకుండా 'కౌంట్' ఒక్కటే కనబడిందనుకోండి. ఆ అంకెలు అంకెలు కావు, అక్షరాలుగా కూర్చున్నాయని అర్థం. ఎక్కడి నుంచో కాపీ కొట్టి అతికించినప్పుడు అలా జరుగుతుంది. కంటికి 10 అని కనబడుతుంది, మొత్తం ఫార్ములాకు మాత్రం అక్కడ ఏమీ లేనట్టే. టైమ్‌కీపర్ పని నేర్చుకుంటున్న తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. మొత్తం కొట్టే ముందు ఒకసారి గంటల కాలమ్ పట్టుకుని కిందికి చూడండి చాలు.

ఇంకో మాట కూడా ఆ పట్టీలో వస్తుంటుంది, 'కాలిక్యులేట్' అని. దాన్ని చాలామంది అలంకారం అనుకుంటారు. ఎక్సెల్‌లో లెక్కలు వాటంతటవే జరిగే పద్ధతి ఒకటి, మనం ఎఫ్9 నొక్కితేనే జరిగే మాన్యువల్ పద్ధతి ఇంకొకటి. మాన్యువల్‌లో ఉన్నప్పుడు అంకెలు మారిస్తే మొత్తాలు మారవు, పాతవే నిలబడి ఉంటాయి. అప్పుడు ఎక్సెల్ కింద 'కాలిక్యులేట్' అని రాస్తుంది. పైగా ఈ పద్ధతి అంటుకుంటుంది. మొదట తెరిచిన ఫైలు మాన్యువల్‌లో సేవ్ అయి ఉంటే, దాని తర్వాత తెరిచిన ఫైళ్లన్నీ మాన్యువల్‌లోకి పోతాయి.

నేను ముందు పనిచేసిన ఒక కంపెనీలో ఇలాగే జరిగింది. కిందటి నెల షీటు మీదే కొత్త నెల గంటలు కొట్టారు. కింద 'కాలిక్యులేట్' అని ఉంది, ఎవరూ చూడలేదు. సేవ్ కూడా చేయకముందే ప్రింట్ తీసి సంతకానికి పంపారు. ఇరవై రెండు మందికి కిందటి నెల ఓటీయే పడింది. ఎండాకాలం పోయి పని పెరిగిన నెల అది, అందరికీ తక్కువే వచ్చింది. బయటపడింది ఎలాగంటే, వాళ్లలో ఒకతను రోజూ చిన్న డైరీలో గంటలు రాసుకునేవాడు. జీతం వచ్చిన రోజు ఆ డైరీ పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. సరిచేసి ఇవ్వడానికి ఇంకో నెల పట్టింది. ఊళ్లో చిట్టీ కట్టాల్సినవాళ్లకు ఆ నెల ఎలా గడిచిందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఎక్సెల్ అబద్ధం చెప్పలేదు. నిజమే చెప్పింది, కానీ ఎవరూ చూడని మూలలో, గొణిగినట్టు చెప్పింది. మన ప్రోగ్రాం కూడా ఆ డైరీ లాంటిదే కాబట్టి, దాని పట్టీలో ఏం రాయాలి, ఏం రాయకూడదు అన్నది ముందే తేల్చుకుందాం.

పట్టీ పెట్టడం పెద్ద పనేం కాదు. మనం వాడుతున్నది విజువల్ బేసిక్, విండోస్ ఫారమ్స్. విజువల్ స్టూడియోలో టూల్‌బాక్స్ తెరిచి 'మెనూస్ అండ్ టూల్‌బార్స్' అన్న గుంపులో 'స్టేటస్‌స్ట్రిప్' అన్నదాన్ని పట్టుకుని ఫారం మీద వదలండి. ఎక్కడ వదిలినా అది జారి అడుక్కి వెళ్లి కూర్చుంటుంది. దాని డాక్ గుణం ముందుగానే 'బాటమ్' అని ఉంటుంది.

పాత కంప్యూటర్ సెంటర్లలో 1998 నాటి విజువల్ బేసిక్ 6 నేర్చుకున్నవాళ్లు 'స్టేటస్‌బార్' అనే పేరు వెతుకుతారు. అందులో అదే పేరు. దాంట్లో ప్యానెళ్లు ఉండేవి, టైము, తేదీ, క్యాప్స్‌లాక్ చూపించే ప్యానెళ్లు రెడీమేడ్‌గా వచ్చేవి. 2005లో డాట్ నెట్ 2.0తో స్టేటస్‌స్ట్రిప్ వచ్చింది. పాత స్టేటస్‌బార్‌ను 2020లో డాట్ నెట్ 5 నుంచి తీసేశారు. అందుకే పాత పుస్తకం పక్కన పెట్టుకుని చేస్తే ఆ పేరు దొరకదు, కంగారు పడకండి.

పట్టీ మీద నొక్కితే ఎడమ పక్క చిన్న బాణం గుర్తు వస్తుంది. అది నొక్కి 'స్టేటస్‌లేబుల్' ఎంచుకోండి. అలా మూడుసార్లు. మూడు లేబుళ్లు వస్తాయి. ప్రాపర్టీస్‌లో వాటి పేర్లు మార్చండి. ఎప్పటిలాగే పేర్లను పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లిషులో కొట్టండి. మొదటిది నేమ్‌లేబుల్, నడుమది మెసేజ్‌లేబుల్, చివరిది టోటల్‌లేబుల్.

నడుమ ఉన్న మెసేజ్‌లేబుల్‌కు 'స్ప్రింగ్' అన్న గుణాన్ని ట్రూ చేయండి. అప్పుడు అది సాగి మిగిలిన చోటంతా తీసుకుంటుంది, టోటల్‌లేబుల్ కుడి చివరకు పోతుంది. స్ప్రింగ్ పెట్టగానే అక్షరాలు మధ్యలోకి వస్తాయి. 'టెక్స్ట్‌అలైన్' ను 'మిడిల్‌లెఫ్ట్' చేస్తే ఎడమకు వస్తాయి. స్ప్రింగ్ పెట్టకుండా పొడుగాటి మాట రాస్తే ఇంకో చిక్కు ఉంది. చోటు చాలకపోతే లేబులే కనబడకుండా పోవచ్చు. ప్రోగ్రాం చెప్పాల్సింది చెప్పింది, మనకు మాత్రం ఖాళీ పట్టీ. కాబట్టి మాట పొట్టిగా ఉండాలి, స్ప్రింగ్ కూడా ఉండాలి.

మాటలు తెలుగులోనే పెట్టండి. ఇంగ్లిషులో పెడితేనే ప్రోగ్రాం అనుకునేవాళ్లున్నారు, నాకది నచ్చదు. రాత్రి డ్యూటీ దిగి కళ్లు మూతలు పడుతున్నప్పుడు చదవాల్సింది మనమే. స్టేటస్‌స్ట్రిప్ ఫాంటును 'నిర్మలా యూఐ' చేసి సైజు 11 పెట్టుకోండి. విండోస్ 8 నుంచి ఆ ఫాంటు విండోస్‌తోపాటే వస్తోంది.

ఇంకొక చిక్కు చాలామందికి వచ్చే ఉంటుంది. గ్రిడ్‌కు డాక్ 'ఫిల్' పెట్టినవాళ్లకు చివరి వరుస పట్టీ వెనక దాక్కుంటుంది. ముప్పై ఒకటో తేదీ ఎక్కడికి పోయిందని వెతుక్కుంటారు. గ్రిడ్ మీద రైట్ క్లిక్ చేసి 'బ్రింగ్ టు ఫ్రంట్' నొక్కండి, సర్దుకుంటుంది. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ డాకింగ్‌లో వెనకున్నదానికే ముందు చోటు ఇస్తారు. గ్రిడ్‌ను ముందుకు తెస్తే పట్టీ తన చోటు ముందు తీసుకుంటుంది, మిగిలింది గ్రిడ్‌కు వస్తుంది.

ఇక ఏ లేబుల్‌లో ఏం రాయాలి?

నేమ్‌లేబుల్‌లో ఎవరి లెక్క తెరిచి ఉందో ఆ ఎంప్లాయీ నంబరు. ఒక రూములో ఆరుగురో ఎనిమిదిమందో ఉంటారు, ల్యాప్‌టాప్ ఒకటే ఉంటుంది. ఒకరు లేచి ఇంకొకరు కూర్చుంటారు. పేరు మార్చడం మరిచి గంటలు కొడితే తన ఓటీ పక్క బంకువాడి ఖాతాలో పడుతుంది. పైన కాంబోబాక్స్‌లో నంబరు మారగానే నేమ్‌లేబుల్ డాట్ టెక్స్ట్‌లో 'నంబరు 1047 లెక్క' అని రావాలి. ఆ లైనును కాంబోబాక్స్ మారిన ఈవెంట్‌లోనే రాయండి. సేవ్ బటన్‌లో రాస్తే అప్పటికే ఆలస్యం.

టోటల్‌లేబుల్‌లో ఈ నెల ఓటీ గంటలు, దాని డబ్బు. రెండు వారాల కిందట వేసుకున్న లెక్కే. బేసిక్ 960 దిర్హమ్‌లు అనుకుంటే, 30 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 240 గంటలు. గంటకు 4 దిర్హమ్‌లు. యూఏఈలో 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఓటీకి కనీసం 25 శాతం ఎక్కువ, అంటే గంటకు 5. రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 4 మధ్య అయితే కనీసం 50 శాతం ఎక్కువ, గంటకు 6. షిఫ్టుల మీద పనిచేసేవాళ్లకు ఈ రాత్రి లెక్క వర్తించదు. 26 గంటల పగటి ఓటీ ఉంటే పట్టీ చివర 'ఓటీ 26 గం., 130 దిర్హమ్‌లు' అని కనబడాలి. కొన్ని కంపెనీలు ఏడాది బేసిక్‌ను 365తో భాగించి రోజు కూలీ తీస్తాయి, అప్పుడు గంటకు సుమారు 3.95 వస్తుంది. మీ పే స్లిప్‌లో ఏ పద్ధతి ఉందో చూసి అది పెట్టుకోండి.

నడుమ ఉన్న మెసేజ్‌లేబుల్ దగ్గరే అసలు సంగతి ఉంది.

ప్రోగ్రాం చెప్పే మాటలు రెండు రకాలు. ఒకటి కబురు, రెండోది పరిస్థితి. 'సేవ్ అయింది' అన్నది కబురు. ఒకసారి చూస్తే చాలు, తర్వాత పోవచ్చు. 'ఇంకా సేవ్ కాలేదు' అన్నది పరిస్థితి. అది మారేదాకా పట్టీలో ఉండాల్సిందే. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. నేర్చుకునేవాళ్లే కాదు, కంపెనీలకు అమ్మే ప్రోగ్రాముల్లో కూడా చూశాను. పొద్దున 8 గంటలకు వచ్చిన 'సేవ్ అయింది' సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. నడుమ పది మార్పులు చేసినా పట్టీ మాత్రం సేవ్ అయిందనే అంటుంది. అప్పుడది పాత వార్త. దాన్ని నమ్మి కిటికీ మూస్తే గంటలు పోయినట్టే.

అందుకని ఇలా చేద్దాం. ఫారం మొత్తానికి ఒక బూలియన్ వేరియబుల్, పేరు డర్టీ. ఫైలులోకి ఇంకా ఎక్కని మార్పు ఉంటే ట్రూ, లేకపోతే ఫాల్స్. గంటల డబ్బాలో ఏదైనా టైపు చేయగానే ఆ డబ్బా టెక్స్ట్‌ఛేంజ్‌డ్ ఈవెంట్‌లో డర్టీని ట్రూ చేయండి, మెసేజ్‌లేబుల్‌లో 'మార్పు ఉంది, ఇంకా సేవ్ కాలేదు' అని రాయండి. ఇది పరిస్థితి. దీన్ని ఏ టైమరూ చెరపకూడదు.

కబురు చెరపడానికి ఒక టైమర్ కావాలి. టూల్‌బాక్స్‌లో 'కాంపొనెంట్స్' గుంపులో ఉంటుంది. ఇంటర్వెల్ 5000 పెట్టండి. అది వెయ్యో వంతు సెకన్ల లెక్క, అంటే 5 సెకన్లు. కబురు రాసిన వెంటనే టైమర్1 డాట్ స్టార్ట్. టిక్ ఈవెంట్‌లో మొదట టైమర్1 డాట్ స్టాప్, తర్వాత ఒక ఇఫ్: డర్టీ ట్రూ అయితే 'మార్పు ఉంది, ఇంకా సేవ్ కాలేదు', కాకపోతే 'సిద్ధం'. ఆ ఇఫ్ లేకుండా ఉత్తగా ఖాళీ చేస్తే ఏమవుతుందో చూడండి. మీరు సేవ్ చేసి, మూడు సెకన్లలో ఇంకో తేదీ కొట్టడం మొదలుపెట్టారు. సేవ్ కాలేదన్న మాట వచ్చింది. ఇంకో రెండు సెకన్లకు పాత టైమర్ వచ్చి దాన్ని తుడిచేసింది. పట్టీ శుభ్రంగా ఉంది, గంటలు మాత్రం ఫైలులో లేవు.

ఇప్పుడు 'సేవ్ అయింది' అన్న లైను ఎక్కడ రాయాలి? చాలామంది బటన్ క్లిక్ మొదట్లోనే రాస్తారు, కోడు చూడటానికి వరుసగా ఉంటుందని. అప్పుడది నొక్కారన్న మాటే గానీ సేవ్ అయిందన్న మాట కాదు. మనం స్ట్రీమ్‌రైటర్‌తో ఫైలులోకి రాస్తున్నాం. స్ట్రీమ్‌రైటర్ మీరు ఇచ్చిన లైనును అప్పటికప్పుడు ఫైలులో వేయదు. కొంత తన దగ్గర పోగు చేసుకుని, నిండాకో మూసేటప్పుడో వేస్తుంది. తాపీ మేస్త్రీ ఇటుక ఇటుకకూ సిమెంటు కలుపుకోడు గదా, తట్టలో పెట్టుకుంటాడు, అలాగ. మూయడం మరిచిపోతే ఆ తట్టలోది తట్టలోనే పోతుంది. అందుకే 'యూజింగ్' తో తెరిచి 'ఎండ్ యూజింగ్' తో ముగించండి. అక్కడికి వచ్చేసరికి ఫైలు మూసి ఉంటుంది. వరుస ఇది: ట్రై, దాని లోపల యూజింగ్, రాసే లైను, ఎండ్ యూజింగ్. దాని కింద డర్టీ ఈక్వల్ టు ఫాల్స్. దాని కింద మెసేజ్‌లేబుల్‌లో 'సేవ్ అయింది'. దాని కింద టైమర్ స్టార్ట్. తర్వాత క్యాచ్.

ఉత్త 'సేవ్ అయింది' కన్నా 'తేదీ 14, ఓటీ 2 గం. సేవ్ అయింది' అంటే మేలు. ఏది సేవ్ అయిందో చూస్తారు, 12 కొట్టబోయి 2 కొట్టి ఉంటే అక్కడే దొరుకుతుంది.

క్యాచ్‌లోకి ఎప్పుడు వస్తుంది? పెన్‌డ్రైవ్‌లో ఫైలు పెట్టుకున్నారు, ఎవరో పాటలు ఎక్కించుకోవడానికి దాన్ని పీకేశారు. లేదా అదే ఫైలు ఎక్సెల్‌లో తెరిచి ఉంది, రాయనివ్వదు. అప్పుడు పట్టీలో చిన్న మాట చాలదు. మెసేజ్‌బాక్స్ వేయాల్సిందే, మనిషి ఓకే నొక్కేదాకా కదలకూడదు. మైక్రోసాఫ్ట్ తన డిజైన్ సూచనల్లో కూడా ఈ పట్టీని జనం సులువుగా చూడకుండా వదిలేస్తారు, తప్పనిసరిగా తెలియాల్సిన సంగతి దీనికి అప్పజెప్పొద్దు అనే అంటుంది. మెసేజ్‌బాక్స్ మూసిన తర్వాత కూడా డర్టీ ట్రూగానే ఉంటుంది, పట్టీలో 'సేవ్ కాలేదు' అలాగే నిలబడి ఉంటుంది.

అలాగని ప్రతిదానికీ మెసేజ్‌బాక్స్ వేస్తే ఇంకో జబ్బు. ముప్పై రోజులకు ముప్పై ఓకేలు నొక్కించుకుంటే చెయ్యి చదవకుండానే నొక్కడం నేర్చుకుంటుంది. ముప్పై ఒకటోసారి నిజంగా ప్రమాదం వచ్చినా ఓకే అంటుంది. నా లెక్కలో గంటలు పోయేవి, పోయాక తిరిగి రానివి మెసేజ్‌బాక్స్‌కు. మిగతావన్నీ పట్టీకి. అదే తేదీ రెండోసారి సేవ్ చేయబోతే మెసేజ్‌బాక్స్‌తో అడగండి, పాతది తీసి కొత్తది పెట్టాలా అని. మొదట్లో చెప్పిన మూడు లైన్ల గొడవ దాంతో తీరుతుంది.

రెండు గంటల సంగతి ఒకటుంది. చట్టం ప్రకారం ఓటీ రోజుకు 2 గంటలు దాటకూడదు. ప్రమాదం, పెద్ద నష్టం తప్పించే పనులకు మినహాయింపు ఉంది. అది చదివి కొందరు తమ్ముళ్లు 2 కన్నా ఎక్కువ కొడితే ప్రోగ్రాం తీసుకోకుండా చేద్దామంటున్నారు. వద్దు. మనిషి నాలుగు గంటలు చేసి వచ్చాడు, ప్రోగ్రాం రెండే రాసుకుంటానంటే మిగతా రెండూ ఎవరి ఖాతాలో పడతాయి? జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. పట్టీలో మాత్రం మెసేజ్‌లేబుల్ ఫోర్‌కలర్ ఎరుపు చేసి 'ఈ రోజు 4 గం., 2 దాటింది' అని చూపించండి. రంగు ఒక్కదాన్నే నమ్ముకోకండి, మాట కూడా ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లు ప్రతి క్యాంపులోనూ ఉంటాయి. సేవ్ అయ్యాక రంగును తిరిగి నలుపు చేయడం మరవొద్దు, లేకపోతే 'సిద్ధం' కూడా ఎర్రగా బెదిరిస్తుంది.

ఏడాది ఫైళ్లన్నీ ఒకేసారి చదివి మొత్తం తీసే బటన్ పెట్టుకున్నవాళ్లకు ఒక సంగతి. లూపు తిరుగుతున్నంతసేపు మీరు మెసేజ్‌లేబుల్‌లో 'జనవరి చదువుతున్నా', 'ఫిబ్రవరి చదువుతున్నా' అని రాసినా తెర మీద కనబడదు. తెర గీసేదీ, లూపు తిప్పేదీ ఒకే దారం. లూపు వదిలేదాకా గీయడానికి దానికి తీరిక లేదు. మాట రాసిన వెంటనే స్టేటస్‌స్ట్రిప్1 డాట్ రిఫ్రెష్ అని ఒక లైను పెట్టండి. లేబుల్‌కు రిఫ్రెష్ ఉండదు, పట్టీకే ఉంటుంది. డూఈవెంట్స్ అన్నది కూడా పనిచేస్తుంది గానీ, అది నడుస్తుండగా ఎవరైనా అదే బటన్ మళ్లీ నొక్కితే లూపులో లూపు మొదలవుతుంది. దాని జోలికి పోవద్దు. పెద్ద పనులకు బ్యాక్‌గ్రౌండ్‌వర్కర్ అని వేరే ఉంది, మన పన్నెండు ఫైళ్లకు అంత అవసరం లేదు.

పైథాన్‌తో చేస్తున్నవాళ్లు టికింటర్‌లో స్టేటస్ బార్ అనే విడ్జెట్ కోసం వెతుకుతూ రాశారు. అందులో ఆ పేరుతో ఏదీ లేదు. మామూలు లేబుల్‌నే రిలీఫ్ 'సంకెన్', యాంకర్ 'డబ్ల్యూ' పెట్టి, ప్యాక్‌లో సైడ్ 'బాటమ్', ఫిల్ 'ఎక్స్' ఇస్తే అదే పట్టీ. మిగతా విడ్జెట్ల కన్నా ముందు ప్యాక్ చేయండి, కిటికీ చిన్నది చేసినా నలగదు. క్యూట్ వాడేవాళ్లకు మాత్రం పని సులువు. క్యూస్టేటస్‌బార్‌లో షోమెసేజ్‌కు మాటతోపాటు ఎంతసేపు ఉండాలో కూడా ఇవ్వొచ్చు, అది కబురుకు. యాడ్‌పర్మనెంట్‌విడ్జెట్‌తో పెట్టింది కుడివైపు ఉంటుంది, ఏ కబురూ దాన్ని కప్పదు, అది పరిస్థితికి. మనం చేత్తో చేసుకున్న తేడాను వాళ్లు ముందే ఆలోచించి పెట్టారు.

ఒక్క పని మిగిలింది. ఫారం మూసేటప్పుడు, ఫారంక్లోజింగ్ ఈవెంట్‌లో, డర్టీ ట్రూగా ఉంటే 'సేవ్ చేయని గంటలున్నాయి, మూయాలా?' అని మెసేజ్‌బాక్స్‌తో అడగండి. వద్దంటే ఈ డాట్ క్యాన్సిల్ ఈక్వల్ టు ట్రూ. కిటికీ మూతపడదు.

ఇవన్నీ పెట్టి పరీక్ష చేసేటప్పుడు బాగా పనిచేసే దారినే పదిసార్లు చూడకండి. ఫైలును ఎక్సెల్‌లో తెరిచిపెట్టి సేవ్ నొక్కండి. పెన్‌డ్రైవ్ పీకి నొక్కండి. సేవ్ చేసి వెంటనే ఇంకో తేదీ కొట్టి ఆరు సెకన్లు ఆగి పట్టీ ఏమంటోందో చదవండి. ఆ ఆరో సెకన్‌లో 'సిద్ధం' అని కనబడితే టిక్ ఈవెంట్‌లో ఇఫ్ తిరగేసి రాశారన్నమాట.

వచ్చే వారం నెల మొత్తాన్ని ఒకే పేజీలో ప్రింట్ తీయడం చూద్దాం. పే స్లిప్ పక్కన పెట్టి చూసుకునేలా తేదీ, డ్యూటీ, పగటి ఓటీ, రాత్రి ఓటీ నాలుగు కాలమ్‌లు. ఈలోపు ఆగినచోట పట్టీలో ఏ మాట కనబడిందో రాసి పత్రిక ఆఫీసుకు పంపండి. మీ క్యాంపు పేరు రాయకపోయినా పర్వాలేదు.